గుడ్డు సున్నానికి మహల్‌లోనే ఒక బడి పెట్టండి

తమిళనాడు ప్రభుత్వ పురావస్తు శాఖ కమిషనర్ గారికి,

మదురైలోని తిరుమల నాయకుడి మహల్ మీ శాఖ చేతుల్లో ఉంది. లోపలికి అడుగుపెట్టిన వాళ్లెవరైనా ముందు స్తంభాల లావు చూసి నిలబడిపోతారు. ముగ్గురు మనుషులు చేతులు చాచి పట్టుకుంటే తప్ప చుట్టు కలవని స్తంభాలవి. తర్వాత మెడలెత్తి కమానులు చూస్తారు, స్వర్గ విలాసం గుమ్మటం కింద ఫొటోలు దిగుతారు, బయటికొచ్చి ఓ గ్లాసు జిగర్‌తండా తాగి బస్సెక్కేస్తారు. చేతికందే ఎత్తులో ఉన్న పనితనం మీద మాత్రం చాలామంది చూపు నిలవదు. మహల్ కట్టుబడి ఇటుకది. ఆ ఇటుకను కప్పి, మలిచి, తళతళలాడించింది గార. గుల్ల సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి, మెదిపి, పూసి, గంటల తరబడి రుద్దిన గార. ఈ లేఖ ఆ పూత గురించి, దాన్ని ఇప్పటికీ పూయగల కొద్దిమంది మేస్త్రీల గురించి.

అడగదలచుకున్నది ముందే చెప్పడం మర్యాద. ఆ పని నేర్పే చోటు ఒకటి మహల్ ఆవరణలోనే ఏర్పాటు చేయండి. పని తెలిసిన మేస్త్రీని గురువుగా కూర్చోబెట్టి, జీతం ఇచ్చి, నలుగురు కుర్రవాళ్లను చేతికింద పెట్టండి. మిగతాదంతా ఈ కోరిక ఎందుకన్న వివరమే.

గుడ్డు ఇంత పెద్ద విషయమా అని ఎవరికైనా అనిపిస్తే, 2024 డిసెంబరులో జరిగింది గుర్తు చేయాలి. ఉక్రెయిన్, ఎస్టోనియా దేశాలు కలిసి పంపిన పిసాంకాను యునెస్కో మానవాళి వారసత్వ కళల జాబితాలో చేర్చింది. పిసాంకా అంటే కోడిగుడ్ల మీద రంగుల బొమ్మలు వేసే కళ. చిన్న గరాటు ఉన్న కలంతో వేడి మైనాన్ని పెంకు మీద సన్నని గీతలుగా గీస్తారు, లేత రంగులో ముంచుతారు, మళ్లీ గీస్తారు, ముదురు రంగులో ముంచుతారు. చివర్లో దీపం సెగకు మైనం కరిగించి తుడిస్తే అడుగున దాగిన రంగులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి. మైనం అడ్డుపెట్టి గుడ్డకు రంగులద్దే మన అద్దకంవాళ్లకు ఈ కిటుకు కొత్తేమీ కాదు. ఊళ్ల మీద బాంబులు పడుతున్నా ఉక్రెయిన్ ఈ పనిని వదల్లేదు. అమ్మమ్మలు, పిల్లలు చేసే ఇంటి పనిని కాగితాల మీదికెక్కించి ప్రపంచం ముందు నిలబెట్టింది. మన దేశానికీ ఈ చరిత్ర ఉంది. మహారాష్ట్రలోని జళ్‌గావ్ జిల్లాలో పాట్నే అనే చోట తవ్వకాల్లో గీతలు చెక్కిన ఉష్ట్రపక్షి గుడ్డు పెంకు దొరికింది. దాని వయసు ఇంచుమించు 25,000 ఏళ్లు.

దక్షిణాదిలో ఈ కథ ఇంకో దారి పట్టింది. ఇక్కడివాళ్లు గుడ్డును అలంకరించడం కన్నా గుడ్డుతో గోడను అలంకరించడం మీద మనసు పెట్టారు. ఇంటి ముందు బ్రహ్మజెముడు ముళ్లకు, కలబంద కొసలకు గుడ్డు డొప్పలు బోర్లించే అలవాటు పల్లెల్లో ఇవాళ్టికీ కనిపిస్తుంది. దిష్టికని కొందరు, చూడముచ్చటగా ఉంటుందని కొందరు పెడతారు. గుడ్డుతో చేసే అలంకారాల్లో తెలుగిళ్ల ముందు అందరికీ తెలిసింది ఇదొక్కటే. రాజుల మహళ్లలో, చెట్టియార్ల ఇళ్లలో ఇదే గుడ్డు చలువరాతికి పోటీ వచ్చింది.

పని ఎలా జరుగుతుందో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఈ వివరంలోనే బడి ఎందుకు కావాలో ఉంది.

మొదట సున్నం. సముద్రపు గుల్లల్ని బట్టీలో కాలిస్తే వచ్చే సున్నాన్ని నీళ్లలో వేస్తారు. అది బుసబుసమని పొంగి, సలసల కాగి, విచ్చుకుంటుంది. దాన్ని వడకట్టి తొట్టెలో నీళ్ల అడుగున వారాల తరబడి మగ్గబెడతారు. ఎంత మగ్గితే అంత వెన్న. ఇంకో పక్క కరక్కాయలు నలగ్గొట్టి, బెల్లం ముక్కలు వేసి, కుండలో నానబెడతారు. కొన్నాళ్లకు ఆ నీళ్లు పులిసి, గోధుమరంగు తిరిగి, ఒగరు వాసన కొడతాయి. సున్నాన్ని, ఇసుకను ఆ నీళ్లతో కలిపి నూరాలి. ఆంధ్ర పల్లెల్లో ఎద్దును కట్టి తిప్పే గానుగలో నూరేవాళ్లు కాబట్టి గానుగ సున్నం అన్నారు, తెలంగాణలో డంగు సున్నం అన్నారు. యాభై, అరవై ఏళ్ల కిందటి దాకా ఊళ్లో పెద్ద ఇల్లు కడుతున్నారంటే ముందు గానుగ గుంత తవ్వేవాళ్లు.

పూత ఒకటి కాదు. అడుగు పూత ముతకగా, మందంగా ఉంటుంది. దాని మీద పడే ఒక్కో పూతకు ఇసుక సన్నబడుతుంది, మందం తగ్గుతుంది. కింది పూత మరీ ఆరకముందే, మరీ పచ్చిగా లేకుండానే పై పూత పడాలి. వేలితో నొక్కి చూసి మేస్త్రీ ఆ సమయం పట్టేస్తాడు. పుస్తకంలో గంటలు, నిమిషాలు రాసుకుంటే సరిపోదు, ఎందుకంటే మదురై మే నెల వేరు, కోయంబత్తూరు జూలై గాలి వేరు. ఆఖరి పూతలో ముతక ఇసుక ఉండదు. వెన్నలాంటి సున్నం, మెత్తటి తెల్లరాతి పిండి, వాటిలో గిలక్కొట్టిన తెల్లసొన ఉంటాయి. పచ్చసొన ఒక్క చుక్క కూడా కలవకూడదు. దాని జిడ్డు, దాని రంగు రెండూ తెల్లదనానికి చేటు.

ఆ పైన రుద్దుడు మొదలవుతుంది. ముందు తాపీతో, తర్వాత నున్నటి గులకరాయితో, చివర్లో మెత్తని బట్టతో, అవసరమైతే అరచేత్తో. కొంతసేపటికి గోడకు చెమట పడుతుంది. అద్దం మీద ఆవిరి పట్టినట్టు సన్నని నీటిబొట్లు పైకి తేలతాయి. వాటిని బట్టతో అద్ది తీసి మళ్లీ రుద్దాలి. మళ్లీ పడతాయి, మళ్లీ తీయాలి. ఆ చెమట పూర్తిగా ఆగేదాకా, ఒక్కోసారి రోజుల తరబడి, గోడను వదిలిపెట్టకూడదు. మధ్యలో వదిలేస్తే అక్కడ మచ్చ కట్టి, ఎన్నేళ్లయినా పోదు. గోడ ఒప్పుకున్నాక మాత్రం, దీపం పెడితే దీపం అందులో కనిపిస్తుంది.

ఈ పద్ధతిని చూసి తెల్లవాళ్లు నోరు వెళ్లబెట్టారు. సెయింట్ హెలీనా దీవి గవర్నర్‌గా పనిచేసిన ఐజాక్ పైక్, మద్రాసులో సున్నపు గార చేసే తీరును వివరంగా రాసి లండన్ రాయల్ సొసైటీకి పంపితే, వాళ్లు 1732లో దాన్ని తమ పత్రికలో అచ్చువేశారు. బెల్లం, కరక్కాయ, ఆఖరి పూతకు గుడ్డు తెల్లసొన, నెయ్యి, మజ్జిగ, వాటన్నిటినీ రాతి మీద రాతి పొత్రంతో కొద్దికొద్దిగా నూరడం, అన్నీ అందులో ఉన్నాయి. న్యూటన్ అధ్యక్షుడిగా కూర్చున్న సంఘం, ఆయన పోయిన అయిదేళ్లకు, మద్రాసు తాపీ మేస్త్రీల దగ్గర పాఠం నేర్చుకుందన్నమాట. మహల్‌కు వచ్చే బడిపిల్లలకు ఈ ఒక్క సంగతి చెప్పినా వాళ్లు స్తంభాన్ని చూసే చూపు మారుతుంది.

గుడ్డు చేసే మేలేమిటో రసాయనశాస్త్రం కొంత చెప్పింది. తెల్లసొనలో పదింట తొమ్మిది వంతులు నీళ్లే, మిగిలిందాంట్లో ఎక్కువ భాగం మాంసకృత్తులు. సున్నపు ఘాటు క్షారంలో పడగానే ఆ మాంసకృత్తులు విడిపోయి సున్నంలోని కాల్షియాన్ని పట్టుకుంటాయి. అందువల్ల పూత జిగురుగా సాగుతుంది, తడిని తొందరగా వదలదు, మేస్త్రీకి రుద్దడానికి వ్యవధి దొరుకుతుంది. ఆరాక నీళ్లు త్వరగా ఇంకవు. బెల్లంలోని చక్కెర సున్నాన్ని మరింత కరిగేలా చేసి బిగువు పెంచుతుంది. కరక్కాయ ఒగరు నీటి అవసరాన్ని తగ్గిస్తుంది. ఇక సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ ఏళ్ల మీద మళ్లీ సున్నపురాయి అయిపోతుంది. కోడిగుడ్డు పెంకు కూడా నూటికి తొంభై అయిదు పాళ్లు ఆ పదార్థమే. సముద్రపు గుల్లా అదే. అంటే మహల్ స్తంభాన్ని నిమిరిన చెయ్యి నిమిరింది, రసాయనం లెక్కన, ఒక పెద్ద గుడ్డు పెంకునే.

అయితే ఇక్కడే ఒక పని మీ శాఖ చేయాలి. గుడ్డు కలిపారన్న మాట గైడ్లు చెబుతారు, పర్యాటక పుస్తకాలు చెబుతాయి. మాట చాలదు, పరీక్ష కావాలి. ప్రాగ్ నగరంలో చార్లెస్ వంతెన గారలో గుడ్లు ఉన్నాయన్న కథ తరతరాలుగా నడుస్తుంటే, అక్కడి శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో గారను పరీక్షించారు. చైనాలో పాత గోడల గారలో బంక బియ్యపు గంజి ఉందని జెజియాంగ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నిరూపించి, 2010 నాటికి ఆ గారతోనే మరమ్మతులు చేయవచ్చని చూపించారు. మనకు చెన్నై ఐఐటీలో వారసత్వ కట్టడాల భద్రత కోసం జాతీయ కేంద్రమే ఉంది. వెల్లూరు వీఐటీలో పాత కట్టడాల సున్నంలోని మూలికల మీద ఏళ్లుగా పరిశోధన సాగుతోంది. మహల్‌లో రాలిపడిన పెచ్చుల్ని వాళ్లకు పంపండి. ఏ పూతలో ఏముందో, ఏది 17వ శతాబ్దిదో, ఏది తర్వాతి మరమ్మతుదో తేల్చి, ఫలితాలను తమిళంలో, ఇంగ్లిషులో అందరికీ అందుబాటులో పెట్టండి. అప్పుడు నేర్పే గురువుకూ, నేర్చుకునే కుర్రాడికీ చేతిలో గట్టి ఆధారం ఉంటుంది.

మరమ్మతుల చరిత్ర కూడా చిన్నదేమీ కాదు. 1623 నుంచి 1659 దాకా ఏలిన తిరుమల నాయకుడు 1636లో ఈ మహల్ కట్టించాడు. ఆయన మనవడు చొక్కనాథ నాయకుడు రాజధానిని తిరుచ్చికి మార్చి, మహల్ భాగాలను ఊడదీయించి అక్కడికి తరలించాడు. ఇవాళ మనం చూసేది అసలు మహల్‌లో పావువంతు. ఫొటోగ్రాఫర్ లిన్నేయస్ ట్రైప్ 1858లో మదురై వచ్చేనాటికి అది శిథిలాల గుట్ట. 1866 నుంచి 1872 వరకు మద్రాసు గవర్నర్‌గా ఉన్న లార్డ్ నేపియర్ పట్టుబట్టి బాగుచేయించాడు, ఆ పనిని వాస్తుశిల్పి చిషోమ్ చూశాడు. తర్వాత చాలాకాలం జిల్లా కోర్టులు అందులోనే నడిచాయి. కక్షిదారుల వీపులు ఆనిన స్తంభాలే ఇప్పుడు పర్యాటకుల వీపులు ఆనుతున్నవి.

ఆ మరమ్మతుల రోజుల్లోనే, 1867-68 ప్రాంతాల్లో, ఎడ్మండ్ లయన్ అనే ఫొటోగ్రాఫర్ మద్రాసు ప్రభుత్వం కోసం దక్షిణాది కట్టడాలన్నీ తిరుగుతూ మహల్‌ను ఫొటోలు తీశాడు. అప్పటి ఫొటో కాగితం మీద కూడా పూసేది కోడిగుడ్డు తెల్లసొనే. ఫ్రాన్సు దేశస్థుడు బ్లాంకార్ ఎవ్రార్ 1850లో కనిపెట్టిన పద్ధతి అది. ఉప్పు కలిపిన తెల్లసొన మీద కాగితాన్ని తేలనిచ్చి ఆరబెట్టి, దాని మీద వెండి లవణం పూసి, ఎండలో అచ్చు తీసేవాళ్లు. బొమ్మకు వచ్చే ఆ మెరుపు సొనది. జర్మనీలోని డ్రెస్డెన్ కార్ఖానా ఒక్కటే 1888లో అరవై లక్షలకు పైగా గుడ్లు కొట్టిందట. అలా గుడ్డు పూసిన గోడ గుడ్డు పూసిన కాగితం మీదికెక్కి లండన్ దాకా వెళ్లింది. ఆ ఫొటోలు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. వాటి నకళ్లు తెప్పించి మహల్‌లో, అవి తీసిన చోటే నిలబెడితే, ఏ పూత ఎంత మిగిలిందో చూసేవాళ్లే పోల్చుకుంటారు.

ఈ లేఖ తెలుగులో ఎందుకు రాయాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. 1529లో విశ్వనాథ నాయకుడితో మొదలైన మదురై నాయకులు తెలుగు మాట్లాడేవాళ్లు. వాళ్ల ఆస్థానంలో తెలుగు కావ్యాలు పుట్టాయి. 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడు తానే తెలుగు వచనంలో శ్రీరంగ మాహాత్మ్యం రాశాడు. వాళ్ల వెనకా, వాళ్లకంటే ముందూ దక్షిణానికి నడిచి వచ్చిన కుటుంబాలు మదురై చుట్టూ, కోయంబత్తూరు చుట్టూ నల్లరేగడి నేలల్లో, నేత పేటల్లో స్థిరపడ్డాయి. కమ్మవారు, రెడ్లు, బలిజలు, దేవాంగులు, రాజకంబళ నాయకర్లు, తోలుపని చేసిన అరుంధతీయులు, రాళ్లు కొట్టి బావులు తవ్విన వడ్డెర్లు. అలాగని మహల్ ఒక్క తెలుగువాళ్ల సొత్తని ఎవరూ అనకూడదు, ఈ లేఖ అనదు. కట్టించిన రాజుది తెలుగు, ఊరిది తమిళం, మహల్ పక్క వీధుల్లో సౌరాష్ట్రుల ఇళ్లు. గారకు ఏ భాషా లేదు. రాజు పేరు మాత్రం కట్టడానికి నిలిచింది, రుద్దినవాళ్ల పేర్లు దాని మీద లేవు. ఈసారి బాగుచేసేటప్పుడు ఆ తప్పు జరగకుండా చూడండి. ఏ స్తంభాన్ని ఏ సంవత్సరం ఏ మేస్త్రీ జట్టు పూసిందో ఒక చిన్న రాతి పలక మీద చెక్కించండి.

కోయంబత్తూరుకు ఇందులో ఏం పని అని అడగవచ్చు. చాలా పని ఉంది. ఊరికి పడమట పేరూరు పట్టీశ్వరుడి గుళ్లో కనకసభను కట్టించింది తిరుమల నాయకుడి తమ్ముడు అళగాద్రి నాయకుడు. అంటే రెండు ఊళ్లనూ కలిపిన కాలం ఒకటే, ఇల్లు ఒకటే. అక్కడ రాయి చెక్కించారు, ఇక్కడ గార పూయించారు.

అదలా ఉంచి, నేటి కోయంబత్తూరు దగ్గర ఈ బడికి కావలసిన సరంజామా అంతా ఉంది. ఆఖరి పూతకు సున్నాన్ని రాతి మీద రాయితో నూరాలని చెప్పుకున్నాం కదా. ఇడ్లీ పిండి రుబ్బడానికి 1955లో పి. సభాపతి కోయంబత్తూరులో తయారుచేసిన గ్రైండర్ చేసేది అదే పని. కోయంబత్తూరు వెట్ గ్రైండర్‌కు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. గార కోసమే పెద్ద రాళ్లతో, నెమ్మదిగా తిరిగే యంత్రం ఒకటి చేసిపెట్టమంటే ఆ ఊరి వర్క్‌షాపులకు అదేం పెద్ద లెక్క కాదు. ఎన్నో యంత్రాలు కనిపెట్టిన జి.డి. నాయుడు పుట్టిన నేల అది. ఎద్దు, గానుగ గుంత ఇప్పుడు ఎవరికీ సాధ్యపడవు. మెదపడం యంత్రానికి వదిలేసి, వేలితో నొక్కి సమయం పట్టడం, రాయితో రుద్దడం మనిషికి ఉంచుకుంటే కుర్రవాళ్లు కూడా ముందుకొస్తారు. నడుములు విరిగే పని అయితే ఎంత గొప్ప కళైనా ఎవరూ చేరరు.

గుడ్లకు కొరత లేదు. కోయంబత్తూరు నుంచి నాలుగు గంటల ప్రయాణం కూడా లేని నామక్కల్‌లో రోజుకు కోట్ల గుడ్లు వస్తాయి. దేశంలో గుడ్డు ధరను రైతులే కూర్చుని నిర్ణయించుకునేలా 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘాన్ని నిలబెట్టింది తెలుగువాడైన డాక్టర్ బి.వి. రావు. అదే ఏడు ఎం.జి.ఆర్. ప్రభుత్వం మొదలుపెట్టిన మధ్యాహ్న భోజన పథకంలోకి 1989లో గుడ్డు వచ్చింది, ఇప్పుడు తమిళనాడు బడిపిల్లలు వారానికి అయిదు రోజులు గుడ్డు తింటున్నారు. పిల్లల కంచంలోది గోడకు పోతుందన్న బెంగ ఎవరికీ అక్కర్లేదు. గుడ్డు పడేది ఆఖరి పూత ఒక్కదానికే, అదీ చాలా పలచని పూత. మిగిలిన పచ్చసొనను వంటకు పంపవచ్చు. ఫిలిప్పీన్స్‌లో స్పెయిన్ వాళ్ల కాలపు చర్చిల గారకు తెల్లసొన వాడి, మిగిలిన పచ్చసొనలతో మిఠాయిలు చేసుకున్నారని అక్కడి వంటల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు.

డబ్బు సంగతికి వస్తే, కోయంబత్తూరు తెలుగు కుటుంబాలకు ఈ పిలుపు ఇక్కడే. పీళమేడులో పి.ఎస్. గోవిందస్వామి నాయుడి నలుగురు కొడుకులు ఆస్తిని అయిదు వాటాలు వేసి, అయిదో వాటాను ధర్మానికి రాసిచ్చారు. 1926లో అలా పుట్టిన ట్రస్టే తర్వాత బళ్లు, ఆసుపత్రి నడిపింది, 1951లో పీఎస్‌జీ టెక్‌ను స్థాపించింది. ఆ కళాశాల సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు గార నమూనాల బిగువు కొలవగలరు, చెమట పట్టే గోడలో తేమ లెక్క తీయగలరు. తాపీ పట్టే నలుగురు కుర్రవాళ్లకు ఉపకారవేతనం ఇవ్వడం అక్కడి మిల్లు కుటుంబాలకు, తెలుగు సంఘాలకు భారం కాదు. అనుమతి, స్థలం, గురువు నియామకం మాత్రం మీ శాఖే ఇవ్వాలి.

ఆలస్యం ఎందుకు తగదో కూడా చెప్పాలి. పాత సున్నపు గోడ మీద సిమెంటు పూస్తే ఏమవుతుందో మీ ఇంజనీర్లకు తెలుసు. సిమెంటు బిగుసుకుపోతుంది, గోడకు ఊపిరి ఆడనివ్వదు. నేల నుంచి ఇటుకలోకి ఎక్కిన తడి బయటికి రాలేక లోపలే తిరిగి, తనతో తెచ్చిన ఉప్పును ఇటుక లోపలే స్ఫటికాలుగా వదులుతుంది. కొన్నేళ్లకు పైన సిమెంటు నిలువునా నిలబడే ఉంటుంది, వెనక నాలుగు వందల ఏళ్ల ఇటుక పిండిలా రాలిపోతుంది. సున్నపు గార అలా కాదు, తడిని పీల్చి వదిలేస్తుంది, దెబ్బ తగిలితే తాను రాలుతుంది గాని ఇటుకను కాపాడుతుంది. రాలిన చోట మళ్లీ పూయడానికి మేస్త్రీ ఉంటే చాలు. ఆ మేస్త్రీలు కరైక్కుడి, కానాడుకాత్తాన్ వైపు ఇంకా ఉన్నారు. చెట్టినాడు ఇళ్ల గోడలు వాళ్ల తాతలు పూసినవే. ఆ ఊళ్లు 2014 నుంచి యునెస్కో పరిశీలన జాబితాలో ఉన్నాయి. పెద్ద హోటళ్లు, పుదుచ్చేరి, ఆరోవిల్ వాస్తుశిల్పులు వాళ్లను వెతుక్కుంటూ వస్తున్నారు. సంపన్నుల పడకగదుల గోడలకు గుడ్డు సున్నం తిరిగి వచ్చింది. ప్రజల మహల్‌కూ అది హక్కుగా రావాలి.

ఆ హక్కు నిలవాలంటే టెండరు కాగితంలో ఒక వరుస మారాలి. మెరుగు పట్టిన గుడ్డు గారను మామూలు సున్నపు పూతతో కలిపి ఒకే రేటు కడితే, పని తెలిసినవాడు దూరంగా ఉండిపోతాడు, తక్కువకు ఒప్పుకున్నవాడు వెల్ల వేసి వెళ్లిపోతాడు. రుద్దుడుకు పట్టే రోజుల్ని విడిగా లెక్కగట్టి, దానికి వేరే రేటు రాయండి. పని ఒప్పుకునే ముందు ప్రతి జట్టూ ఒక చదరపు మీటరు నమూనా పూసి చూపాలని షరతు పెట్టండి. పురావస్తు తవ్వకాలు జరిగిన కీళడిలో మీరు చెట్టినాడు తీరులో మ్యూజియం కట్టి 2023 మార్చిలో తెరిచారు. మదురైకి పక్కనే అంత శ్రద్ధ చూపిన శాఖకు ఇది అసాధ్యం కాదన్న నమ్మకంతోనే ఈ లేఖ.

ఇంకో కోరిక. మహల్‌లో 1981 నుంచి సాయంత్రాలు ధ్వని, వెలుగుల ప్రదర్శన తమిళంలో, ఇంగ్లిషులో జరుగుతోంది. దానికి తెలుగు బోర్డు తగిలించమని ఈ లేఖ అడగడం లేదు, ఎందుకంటే ఈ ఊళ్ల తెలుగువాళ్లలో చాలామందికి తెలుగు లిపి రాదు. ఇంట్లో అమ్మతో, అవ్వతో తెలుగు మాట్లాడతారు, చదువు, రాత అంతా తమిళమే. వాళ్లకు కావలసింది చెవికి వినిపించే తెలుగు. గార పని మీద పది నిమిషాల మాట రికార్డు చేయించండి. విజయవాడ పుస్తకాల తెలుగు వద్దు, మదురై, కోయంబత్తూరు ఇళ్లలో వాడే తెలుగే ఉండాలి. ఆ ఊళ్ల పెద్దవాళ్ల గొంతుతోనే ఉండాలి. పక్కనే తమిళంలో అదే మాట మేస్త్రీ గొంతుతో ఉండాలి. స్తంభాల మీద తాళంచెవులతో పేర్లు గీకే కుర్రవాళ్లను బోర్డు మీది హెచ్చరిక ఇన్నేళ్లూ ఆపలేకపోయింది. ఆ గీత పూడ్చడానికి ఒక మనిషి ఎన్ని రోజులు రుద్దాలో, రుద్దే మనిషి నోటితోనే, అతను పనిచేస్తుండగా వింటే ఆపుతారేమో చూడాలి. బడి మహల్ ఆవరణలోనే ఉండాలని పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణం.

ఈశాన్య రుతుపవనం వెనక్కి తగ్గాక, జనవరి మూడో వారం నుంచి ఫిబ్రవరి చివరిదాకా మదురైలో గార పనికి మంచి అదును. వాన ఉండదు, ఎండ ఇంకా ముదరదు, పూత నిదానంగా ఆరుతుంది. ఆ అదును అందుకోవాలంటే సున్నం అక్టోబరులోనే తొట్టెలో పడాలి, కరక్కాయలు డిసెంబరు చివర్లో నానాలి. కాబట్టి స్థలం కేటాయింపు, గురువు ఎంపిక, పెచ్చుల పరీక్షకు అనుమతి, ఈ మూడు ఉత్తర్వులు సెప్టెంబరులోగా ఇప్పించవలసిందిగా కోరుతూ,

ఇట్లు
మహల్ బాగు కోరే ఒక తెలుగు రచయిత